మోటారుకు దూపైంది: పాత పడవ ఇంజన్ బలం తగ్గితే ఎక్కడ వెతకాలి?

ఈసారి సంచికకు ఒక టెక్నికల్ వ్యాసం కావాలని, అయితే వైవాలో అప్పజెప్పినట్టు ఉండొద్దని మన క్లబ్‌లో అడిగారు. నా దగ్గర పెద్ద పరిశోధన ఏమీ లేదు. ఒక పాత పడవ మోటారు ఉంది. అది నాది కూడా కాదు, మా మేనమామది. దాని బలం ఎందుకు తగ్గిందో కనుక్కోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. అందులో మొదటి వారం మొత్తం నా తప్పు వల్లే పోయింది. ఆ తప్పు ఇంజనీరింగ్‌లో కంటే ముందు తెలుగులో జరిగింది. అందుకే ఈ కథ మన పత్రికకు సరిపోతుందనుకున్నాను.

సిద్దిపేటలో పడవ మోటారు ఏంది అని బయటి జిల్లాల మిత్రులు నవ్వొచ్చు. నిజమే, మా చిన్నప్పుడు పడవ అంటే కోమటి చెరువులో బోటింగ్ తప్ప ఇంకేం తెలీదు. కానీ 2020 ఏప్రిల్‌లో రంగనాయక సాగర్‌కు నీళ్ళొచ్చాయి, దాని సామర్థ్యం 3 టీఎంసీలు. అదే ఏడాది మే నెలలో 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్, 2022 ఫిబ్రవరిలో 50 టీఎంసీల మల్లన్న సాగర్ మొదలయ్యాయి. చిన్న చెరువులో తెప్ప మీదనో పుట్టిలోనో పోయి వల వేసినోళ్ళకు ఇప్పుడు అవతలి ఒడ్డు కనపడనంత నీళ్ళు. అంత దూరం తెడ్డు వేస్తే రెక్కలు పడిపోతాయి. అందుకే అక్కడక్కడా పాత మోటార్లు కొనుక్కొచ్చి పెట్టుకుంటున్నారు. మా మామ కూడా ఇద్దరు దోస్తులతో కలిసి ఫైబర్ పడవ, దాని వెనక తగిలించే 15 హెచ్‌పీ మోటారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, కార్బొరేటర్. మోటారు వయసు నా వయసు కన్నా ఎక్కువే ఉంటుంది.

అసలు జరిగిందేంటి?

దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు మామ నన్ను పట్టుకున్నాడు. "అల్లుడూ, నువ్వు మెకానికల్ అంటివి గదా. ఈ మోటారు జర సూడు. ఒడ్డు కాడ మంచిగనే స్టార్టయితది. జర దూరం ఉరుకుతది, మళ్ల గుక్క పడ్తది. దీనికి దూప ఎక్కువైంది" అన్నాడు.

నాకు 'దూప ఎక్కువైంది' అనగానే అర్థమైపోయింది, అనుకున్నాను. పెట్రోల్ ఎక్కువ తాగుతోందని. అంటే కార్బొరేటర్‌లో మిశ్రమం రిచ్‌గా ఉంది, ఫ్లోట్ లెవెల్ తప్పింది, సూది సరిగ్గా మూసుకోవట్లేదు. థర్డ్ ఇయర్‌లో చదివిందంతా వరసగా గుర్తొచ్చింది. పానాలు తీసుకొని అదే సాయంత్రం కార్బొరేటర్ ఊడదీశాను. జెట్లు కడిగాను, ఫ్లోట్ సరిచేశాను. బిగించేటప్పుడు ఒక చిన్న వాషర్ ఇసుకలో పడి పోయింది. అలాంటిది వెతికి తేవడానికి రెండు రోజులు. మళ్ళీ బిగించి నీళ్ళలోకి పోతే అదే వరస. రెండు నిమిషాలు పరుగు, తర్వాత గుక్క.

ఈలోపు మామ పట్టణంలో ఒక మెకానిక్‌కు చూపించాడు. ఆయన తాడు నాలుగు సార్లు లాగి, "రింగులు పోయినయ్, బోర్‌కొచ్చింది, పదిహేను వేల పైనే అయితది" అన్నాడు. ముగ్గురు పంచుకున్నా ఆ డబ్బు వాళ్ళకు చిన్న మాట కాదు. ఇంకో దోస్తు "పాత సామాన్లకు అమ్మి పారేద్దాం, మళ్ల తెడ్డే దిక్కు" అన్నాడు. దాని కన్నా భయం ఇంకోటి ఉంది. అంతకుముందు వారం నడి నీళ్ళలో ఉండగా గాలి లేచింది. మోటారు గుక్క పట్టి, నిండు వలతో ఉన్న పడవ అలలకు అడ్డం తిరిగింది. ఒడ్డుకు చేరేసరికి చీకటి పడింది. ఆ సంగతి అత్తకు ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

అప్పుడు నేను చేయాల్సిన మొదటి పని చేశాను. పానా పక్కన పెట్టి, మామను కూర్చోబెట్టి అడిగాను. "మామా, దూప అంటే పెట్రోల్ ఎక్కువ తాగుతుందనేనా?"

మామ నన్ను చూసిన చూపు మీకు చెప్పలేను. "తాగుతలేదు రా! దూపైతున్నా నీళ్ళు దొరుకుతలేవు. ఎండల ఉరికినోడు ఆగి రొప్పుతడు సూడు, గట్ల."

ఒక వారం నేను తలకిందులుగా వెతికాను. ఆయన చెప్పింది ఇంధనం అందట్లేదని. నేను విన్నది ఇంధనం ఎక్కువైందని. అసలు విచిత్రం ఏంటంటే, మొదటి రోజు ప్లగ్గులు తీసినప్పుడు అవి తెల్లగా ఉన్నాయి. రిచ్ అయితే నల్లగా, తడిగా ఉండాలి. చూశాను కూడా. ముందే ఒక సమాధానం అనుకున్నాను కాబట్టి పట్టించుకోలేదు.

మొదటి ప్రశ్న: ఇంజనా, పడవా?

ఇప్పుడు వరసగా చెప్తాను. బలం తగ్గింది అంటే రెండు రకాలు. ఒకటి, ఇంజన్ తిరగాల్సినంత వేగంగా తిరగట్లేదు. రెండు, ఇంజన్ బాగానే తిరుగుతోంది గానీ పడవ పోవట్లేదు. ఈ రెండూ వేరు చేయకుండా పానా ముట్టుకోవద్దు.

ఇంజన్ శబ్దం మామూలు కన్నా పైకి పోతూ పడవ మాత్రం నెమ్మదిగా ఉంటే తప్పు ఇంజన్‌ది కాదు. ప్రొపెల్లర్ దగ్గర చూడాలి. దాన్ని మామ వాళ్ళు పంకా అంటారు. పంకా నడుమ ఒక రబ్బరు బుష్ ఉంటుంది. రాయికో మొద్దుకో తగిలితే గేర్లు విరగకుండా ఆ రబ్బరు జారుతుంది. పాతబడిన రబ్బరు ఏమీ తగలకపోయినా జారుతుంది. నెమ్మదిగా పోతే పట్టుకుంటుంది, రేసు ఇస్తే జారిపోతుంది. బుష్‌కు, రెక్కలున్న భాగానికి అడ్డంగా ఒక గీత గీసి, ఒక రౌండ్ తిరిగొచ్చి చూస్తే చాలు. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే రబ్బరు జారినట్టే.

ఇంజన్ తిరగడమే తగ్గితే తప్పు ఇంజన్‌లో ఉండొచ్చు, లేదా దాని మీద భారం పెరిగి ఉండొచ్చు. పడవ అడుగున నాచు పట్టడం, ఫైబర్ పొరల్లోకి నీళ్ళు దిగి బరువెక్కడం, ఎప్పటికన్నా ఎక్కువ మంది ఎక్కడం, పంకాకు వల దారం చుట్టుకోవడం. మా చెరువుల్లో ఈ చివరిది చాలా మామూలు. నైలాన్ దారం పంకా వెనక షాఫ్ట్ దగ్గర చుట్టుకుంటే ఆయిల్ సీలును కోస్తుంది. అప్పుడు గేరు పెట్టెలోకి నీళ్ళు పోయి, లోపలి నూనె పాలలాగా తెల్లబడుతుంది. పంకా విప్పినప్పుడల్లా అక్కడ చూడాలి. విప్పే ముందు ఇంజన్ ఆపి, ప్లగ్ వైర్లు పీకడం మర్చిపోవద్దు.

ఫోన్‌తో ఆర్పీఎం

మామ మోటారుకు ఆర్పీఎం మీటర్ లేదు. కానీ మనందరి జేబులో ఒకటి ఉంది. ఫోన్‌లో శబ్దం ఫ్రీక్వెన్సీని చూపించే ఉచిత యాప్‌లు దొరుకుతాయి. సిగ్నల్స్ క్లాసులో ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ దేనికి పనికొస్తుందని అడిగినోళ్ళకు ఇదే నా జవాబు.

టూ స్ట్రోక్ ఇంజన్‌లో ప్రతి సిలిండర్ ప్రతి చుట్టుకు ఒకసారి మండుతుంది. రెండు సిలిండర్లుంటే చుట్టుకు రెండు సార్లు. అంటే 5000 ఆర్పీఎం దగ్గర సెకనుకు 5000 × 2 ÷ 60, సుమారు 167 సార్లు. ఫోన్‌ను ఇంజన్ మూత దగ్గర పెడితే ప్రధాన శిఖరం 167 హెర్ట్జ్ దగ్గర కనిపించాలి. ఆ శిఖరం తగ్గిపోయి, దాని సగం దగ్గర, అంటే 83 హెర్ట్జ్ దగ్గర ఇంకోటి బలంగా లేస్తే, రెండు సిలిండర్లు సమానంగా పనిచేయట్లేదని అనుమానించాలి.

మా మోటారు మొదట 167 దగ్గర మంచిగా నిలబడింది. రెండు నిమిషాలకు జారడం మొదలై 117 దగ్గర ఆగింది. లెక్క వేస్తే 3500 ఆర్పీఎం. 5000 నుంచి 3500 అంటే ముప్పై శాతమే కదా అనిపిస్తుంది. కాదు. నీళ్ళలో తిరిగే ప్రొపెల్లర్‌కు కావాల్సిన శక్తి సుమారుగా ఆర్పీఎం ఘనంతో పెరుగుతుంది. 0.7 ఘనం 0.343. అంటే 15 హెచ్‌పీ మోటారు 5 హెచ్‌పీ దగ్గరకు పడిపోయింది. ఇది సుమారు లెక్కే, పడవ ముక్కు కిందికి దిగాక భారం మారుతుంది. అయినా మామ గుక్క అన్నది ఎంత పెద్ద గుక్కో అప్పుడు తెలిసింది.

ఇంకో మంచి సంగతి, సగం దగ్గర శిఖరం లేవలేదు. రెండు సిలిండర్లూ కలిసే నీరసపడుతున్నాయి. ఒక ప్లగ్గో, ఒక కాయిలో పోతే ఒక సిలిండరే చచ్చేది. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఏంటి? ఈ మోటారుకు ఒకటే కార్బొరేటర్, ఒకటే పెట్రోల్ పైపు, ఒకటే ట్యాంకు.

రెండో ప్రశ్న: ఎప్పుడు?

నాకు పాఠం చెప్పింది పుస్తకం కాదు, సిద్దిపేటలో పాత స్కూటర్లు బాగుచేసే ఒక ఉస్తాద్. చేతక్, ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండ్లతోనే ఆయన జీవితం గడిచింది. పడవ మోటారు ఎప్పుడూ ముట్టుకోలేదు. అయినా నేను చెప్పింది విని ఒకటే అడిగాడు. "తమ్మీ, ఏమైందని కాదు, ఎప్పుడైతదో చెప్పు." ఆ ప్రశ్నే సగం రోగాన్ని చెప్తుంది.

స్టార్ట్ చేసిన క్షణం నుంచే బలం లేకపోతే: ఒక సిలిండర్ మండట్లేదు, లేదా కంప్రెషన్ పోయింది, లేదా రేసు పూర్తిగా తిప్పినా కార్బొరేటర్ లోపలి పలక పూర్తిగా తెరుచుకోవట్లేదు. ఈ చివరిది చూడటానికి ఇంజన్ ఆన్ చేయనక్కరలేదు. హ్యాండిల్ చివరిదాకా తిప్పి, పలక గాలికి అడ్డం లేకుండా పూర్తిగా తెరుచుకుందో లేదో చూడాలి. పాత మోటార్లలో అదే హ్యాండిల్ స్పార్క్ టైమింగ్‌ను కూడా ముందుకు జరుపుతుంది. ఆ లివర్ కూడా తన చివరి హద్దును తాకాలి. కీలు అరిగిపోయి కాస్త ఆగినా బలం పోతుంది, ఖర్చు మాత్రం సున్నా.

ఒకటి రెండు నిమిషాలు బాగా పోయి తగ్గితే, కాసేపు నెమ్మదిగా పోతే మళ్ళీ కోలుకుంటే: ఇంధనం అందట్లేదు. దీని లెక్క కింద చెప్తాను.

పదిహేను ఇరవై నిమిషాలకు, ఇంజన్ బాగా వేడెక్కాక తగ్గితే: కాయిలో, స్టేటరో, వేడికి లోపల తెగిపోయే వైరో. చల్లారితే మళ్ళీ పనిచేస్తుంది కాబట్టి ఒడ్డు మీద టెస్ట్ చేస్తే దొరకదు. ఇంజన్ అతిగా వేడెక్కడం కూడా ఈ వరసలోనే వస్తుంది. మోటారు వెనక నుంచి సన్నటి నీటి ధార వస్తూ ఉండాలి. అది సన్నబడినా, ఆగినా వెంటనే ఇంజన్ ఆపాలి. లోపల నీళ్ళు తోడే రబ్బరు చక్రం ఉంటుంది, బురద నీళ్ళలో అది తొందరగా అరుగుతుంది. నీళ్ళు లేకుండా ఒడ్డు మీద అర నిమిషం నడిపినా అది పాడవొచ్చు. అందుకే ఒడ్డు మీద నడపాలంటే నీళ్ళ డ్రమ్ములో దించే నడపాలి.

నెలల తరబడి మెల్లగా తగ్గుతూ వస్తే: రింగులు, ఎగ్జాస్ట్ దారుల్లో పేరుకున్న మసి, పడవ అడుగున నాచు. ఎప్పుడూ చిన్న రేసు మీదే నడిపే మోటార్లలో మసి ఎక్కువ పేరుకుంటుంది.

మాది స్పష్టంగా రెండో రకం.

రెండు నిమిషాల లెక్క

15 హెచ్‌పీ పాత టూ స్ట్రోక్ మోటారు పూర్తి రేసులో గంటకు సుమారు 6 లీటర్లు తాగుతుంది. అంటే నిమిషానికి 100 మిల్లీలీటర్లు. చిన్న రేసులో అందులో కొద్ది భాగమే కావాలి. పైపులో ఎక్కడో అడ్డం పడి నిమిషానికి 70 మిల్లీలీటర్లే వస్తున్నాయనుకుందాం. ఒడ్డు దగ్గర నెమ్మదిగా పోతుంటే అంతా బాగానే ఉంటుంది. పూర్తి రేసు ఇవ్వగానే నిమిషానికి 30 మిల్లీలీటర్ల అప్పు మొదలవుతుంది. ఆ అప్పును కార్బొరేటర్ గిన్నెలో ఉన్న నిల్వ తీరుస్తుంది. గిన్నెలో 50 మిల్లీలీటర్లున్నాయనుకుంటే, రెండు నిమిషాల లోపే అడుగంటుతుంది. అప్పుడు గుక్క. రేసు తగ్గిస్తే గిన్నె మళ్ళీ నిండుతుంది, ఇంజన్ కోలుకుంటుంది. ఖర్చు ఎక్కువై జీతం సరిపోనివాడు నెల చివర అప్పు చేసినట్టే ఇది.

రబ్బరు బల్బు చెప్పే సాక్ష్యం

ట్యాంకు నుంచి మోటారుకు పోయే పైపు నడుమ గుడ్డు లాంటి రబ్బరు బల్బు ఉంటుంది. స్టార్ట్ చేసే ముందు దాన్ని పిసికి పెట్రోల్ ఎక్కిస్తారు. చాలామందికి అది స్టార్టింగ్ సామానే. నిజానికి అది డాక్టర్ నాడి పట్టుకునే చోటు.

ఇంజన్ గుక్క పట్టిన క్షణంలో ఒకరు బల్బును చూడాలి, ముట్టుకోవాలి. నడిపేవాడు వేరే ఉండాలి, ఇద్దరికీ లైఫ్ జాకెట్ ఉండాలి. బల్బు లోపలికి పీక్కుపోయి చప్పిడి అయితే అడ్డం బల్బు కన్నా ముందు, ట్యాంకు వైపు ఉంది. బల్బు మామూలుగానే ఉండి, దాన్ని పిసికితే ఇంజన్ లేస్తే బల్బు తర్వాత చూడాలి. ఎక్కువగా మోటారు మీద ఉండే పెట్రోల్ పంపులోని పలుచని పొర చిరిగి ఉంటుంది, లేదంటే ఏదో జాయింటు దగ్గర గాలి పీలుస్తుంటుంది. పిసికినా ఏమీ మారకపోతే ఇంధన సరఫరాను వదిలి స్పార్క్ వైపు పోవాలి.

మాది చప్పిడి అయింది. నొక్కిన బీడీ కట్టలాగా పీక్కుపోయింది. మామ "అగో సూడు, దూప!" అన్నాడు. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

ట్యాంకు వైపు మూడే ఉన్నాయి. మూత మీది గాలి రంధ్రం, లోపలి పీల్చే గొట్టం, పైపు. గాలి రంధ్రం తెరవకపోతే పెట్రోల్ పోయిన చోట గాలి చేరక లోపల శూన్యం ఏర్పడుతుంది. మూత వదులు చేసి నడిపాం, తేడా లేదు. అప్పుడు ఇంకో పడవ వాళ్ళను అడిగి వాళ్ళ ట్యాంకు, వాళ్ళ పైపు తెచ్చి పెట్టాం. పదిహేను నిమిషాలు పూర్తి రేసు, 167 హెర్ట్జ్ నుంచి కదల్లేదు. తర్వాత మా ట్యాంకుకు వాళ్ళ పైపు పెట్టాం, బాగుంది. వాళ్ళ ట్యాంకుకు మా పైపు పెట్టాం, రెండు నిమిషాలకు గుక్క. ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు మారిస్తే ఏది బాగుచేసిందో తెలీదు. ల్యాబ్‌లో ఎన్నోసార్లు రాసుకున్న మాటే, చేతితో చేసినప్పుడు గానీ అర్థం కాలేదు.

పైపు పైకి కొత్తదానిలాగా ఉంది. ఒక చివర నుంచి నోటితో ఊదితే గాలి పోయింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. పొడుగునా కోసి చూస్తే లోపలి పొర ఒక చోట ఊడి, నాలుకలాగా వేలాడుతోంది. నెమ్మదిగా పీలిస్తే పక్కకు ఒదిగి ఉంటుంది. గట్టిగా పీలిస్తే లేచి దారి మూసేస్తుంది. నేను ఊదినప్పుడు దాన్ని గోడకు ఒత్తాను, ఇంజన్ పీల్చినప్పుడు అది పైకి లేచింది. ఊదడం, పీల్చడం ఒకటి కాదు.

ఇది ఎందుకు జరిగింది?

మన దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ కలపడం 2022లో పది శాతానికి, 2025లో ఇరవై శాతానికి చేరింది. దాన్ని దృష్టిలో పెట్టుకొని చేసిన కొత్త పైపులకు ఇబ్బంది ఉండదు. పాత రకం రబ్బరు మాత్రం ఇథనాల్‌కు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పొరలు ఊడుతుంది. మా పైపుకు వయసు కూడా తోడైంది, ఎండ కూడా తోడైంది.

పడవల మీద ఇంకో సమస్య ఉంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పెట్రోల్ నెలల తరబడి ట్యాంకులో నిల్వ ఉండి, నీళ్ళు ఎక్కువ చేరితే ఇథనాల్, నీళ్ళు కలిసి విడిపోయి అడుగుకు దిగుతాయి. పీల్చే గొట్టం ఉండేది కూడా అడుగునే. టూ స్ట్రోక్ నూనె ఆ పొరలో సరిగ్గా కలవదు. అంటే ఇంజన్‌లోకి పోయేది సరిగ్గా మండనిది, నూనె లేనిది. పాత పెట్రోల్ ఒక గాజు సీసాలో పోసి ఒక రాత్రి ఉంచితే, అడుగున గీత పడిందో లేదో కనిపిస్తుంది.

నూనె సంగతే నన్ను ఎక్కువ భయపెట్టింది. కారులో పెట్రోల్ తగ్గితే ఇంజన్ ఆగుతుంది, అంతే. టూ స్ట్రోక్‌లో నూనె పెట్రోల్‌లోనే కలిసి ఉంటుంది. చాలా మోటార్లకు 50 వంతుల పెట్రోల్‌కు ఒక వంతు నూనె, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. మీ మోటారుకు ఎంతో దాని పుస్తకంలో చూడాలి. పెట్రోల్ అందకపోతే నూనె కూడా అందదు. పైగా పలచబడిన మిశ్రమం ఎక్కువ వేడితో మండుతుంది. నూనె తక్కువ, వేడి ఎక్కువ. పిస్టన్ గీసుకుపోయి సీజ్ అవడానికి ఇంకేం కావాలి? అలాంటప్పుడు ఒడ్డుకు తొందరగా చేరాలని రేసు ఇంకా తిప్పుతాం చూడండి, అదే ఇంజన్‌ను చంపుతుంది. గుక్క పట్టగానే రేసు తగ్గించాలి. మామకు ఇది ఎవరూ చెప్పలేదు. అయినా "రొప్పేటోన్ని ఉరికియ్యొద్దు గదా" అని ఆయన తనంతట తానే తగ్గించేవాడు. ఆ మోటారు ఇంకా బతికుండటానికి కారణం అదే అనుకుంటాను.

బోర్‌కు నిజంగా వచ్చిందా?

పైపు మార్చాం. బల్బుతో సహా కొత్తది, ఇథనాల్ తట్టుకునే రకం. ఖర్చు వెయ్యి రూపాయల లోపు. అయినా పదిహేను వేల మాట మనసులో ఉండిపోయింది. నడిచిన రోజులన్నీ పలచని మిశ్రమం మీద నడిచింది కదా, లోపల ఏమైనా అయిందా?

దానికి కంప్రెషన్ గేజ్ కావాలి. ఉస్తాద్ దగ్గర అరువు తెచ్చాను. ఇంజన్ కాస్త వేడిగా ఉండాలి, ప్లగ్గులు రెండూ తీయాలి, రేసు పూర్తిగా తెరిచి ఉండాలి, తాడు గట్టిగా ఐదారు సార్లు లాగాలి. ప్లగ్ వైర్లను తప్పకుండా ఇంజన్ లోహానికి తగిలించాలి. గాలిలో వదిలేస్తే స్పార్క్ దారి దొరక్క ఇగ్నిషన్ పెట్టె పాడవొచ్చు, పెట్రోల్ ఆవిరి అంటుకోవచ్చు. చూడాల్సింది అంకె కన్నా తేడా. ఇలాంటి పాత మోటార్లలో నూరు పీఎస్ఐ పైన ఉండి, సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉంటే భయం లేదు. మాది 112, 106. తక్కువొచ్చి ఉంటే ఒక చెంచా నూనె ప్లగ్ రంధ్రంలో పోసి మళ్ళీ చూసేవాళ్ళం. అంకె బాగా పెరిగితే రింగులని అర్థం.

ఆ మెకానిక్‌ను తప్పు పట్టను. తాడు లాగి చేతితో అంచనా వేశాడు, నేను మాట విని చెవితో అంచనా వేశాను. ఇద్దరం కొలవలేదు.

వరస గుర్తుపెట్టుకోండి

మీ ఊళ్ళో పడవ మోటారు లేకపోవచ్చు. పొలంలో స్ప్రేయర్ ఉంటుంది, గడ్డి కోసే యంత్రం ఉంటుంది, తాత దాచుకున్న లూనా ఉంటుంది. అవి కూడా చాలావరకు టూ స్ట్రోక్‌లే. వరస అన్నింటికీ ఒకటే. ముందు అడగాలి: ఏమవుతుంది, ఎప్పుడవుతుంది, దేనితో కోలుకుంటుంది? తర్వాత చూడాలి: ప్లగ్గు రంగు, ట్యాంకు మూత, పైపు, రేసు తీగ. ఇవన్నీ పైసా ఖర్చు లేనివి. తర్వాత కొలవాలి: స్పార్క్, కంప్రెషన్, ఆర్పీఎం. ఆ తర్వాత ఒక్కొక్కటిగా మార్చి చూడాలి. కార్బొరేటర్ విప్పడం అన్నింటికన్నా చివర. నేను చివరి మెట్టు నుంచి మొదలుపెట్టి వారం పోగొట్టుకున్నాను.

1909లో ఓలే ఎవిన్‌రూడ్ అమెరికాలోని మిల్వాకీలో పడవ వెనక తగిలించే మోటార్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఆయన పేరుతో వచ్చిన మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. అదే ఏడాది మా జిల్లాలో కొత్త నీళ్ళు నిండాయి. అక్కడ ముగిసిన కాలపు యంత్రాలు ఇక్కడ మొదలైన నీళ్ళ మీద ఇంకో పదేళ్ళు తిరుగుతాయి. వాటికి కంపెనీ సర్వీస్ సెంటర్ మా దగ్గర లేదు. ఉన్నది మామ లాంటోళ్ళ చెవి, ఉస్తాద్ లాంటోళ్ళ చెయ్యి, కాస్త చదువుకున్న మనం.

ఆ చదువుకు ముందుగా కావాల్సింది వాళ్ళ మాట అర్థమవడం. గుక్క పట్టడం, రొప్పడం, దగ్గడం, మిస్ కొట్టడం, పికప్ లేకపోవడం, ఇవన్నీ ఒకటి కాదు. ఒక్కోటి ఒక్కో రోగం. 'దగ్గుతుంది' అంటే కార్బొరేటర్ నుంచి వెనక్కి కొడుతోందేమో, 'మిస్ కొడుతుంది' అంటే స్పార్క్ తప్పుతోందేమో. ఈ మాటలు మన పాఠ్యపుస్తకాల్లో లేవు. ఎవరైనా రాసిపెడితే బాగుండు. మన క్లబ్బే మొదలుపెట్టొచ్చు. మీ ఊళ్ళో మెకానిక్‌లు, రైతులు, డ్రైవర్లు యంత్రాల గురించి వాడే మాటలు, వాటి అర్థంతో సహా, రాసి పంపండి.

పోయిన ఆదివారం మామ ఫోన్ చేశాడు. పొద్దున్నే పోయి ఎండెక్కకముందే ఒడ్డుకొచ్చారట. "ఇప్పుడెట్లుంది మామా?" అని అడిగాను.

"దూప తీరింది అల్లుడూ" అన్నాడు.

ఈసారి నాకు సరిగ్గానే అర్థమైంది.